జింజ్ తోటలో పోతుచెట్టు

బహ్రెయిన్ వెళ్లొచ్చానంటే మా అమలాపురంలో ముందు బంగారం ధర అడుగుతారు, తరవాత ఎండ సంగతి అడుగుతారు. అక్కడ చెట్లున్నాయా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. వాళ్లననుకోవడానికి లేదు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని మనామా, ముహర్రక్ అని రాసిన కవర్ల మీద ముద్రలు కొట్టిన నేను కూడా ఆ పేర్ల వెనక ఇసుక, ఆయిలు తప్ప మరేదైనా ఉంటుందనుకోలేదు. రిటైరైన ఏడాది మా చెల్లెలు సుజాత టిక్కెట్టు పంపించి, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి వచ్చెయ్యమంది. వెళ్లాను. పెద్ద భవనాలు చూశాను, కోట చూశాను, సౌదీకి వెళ్లే సముద్రపు వంతెన చూశాను. అవన్నీ ఫొటోల్లో దొరుకుతాయి. ఫొటోల్లో దొరకని ఒక పాత తోట గురించీ, మావాళ్లు దానికి తెచ్చిపెట్టిన కష్టం గురించీ రాస్తాను.

జింజ్

సుజాత వాళ్ల ఇల్లు జింజ్‌లో, మనామాను ఆనుకుని. అన్నీ మూడంతస్తులు, నాలుగంతస్తుల ఫ్లాట్లు. కింద ఒక లాండ్రీ, ఒక మంగలిషాపు, ఒక కోల్డ్ స్టోర్. కోల్డ్ స్టోర్ అంటే ఐసు కొట్టు కాదు, మన కిరాణా కొట్టే. నడిపేది మలయాళీ. రోడ్డు మీద నుంచి ఒక్క హారన్ కొడితే చాలు, కారు దగ్గరికే పాల ప్యాకెట్టు తెచ్చి ఇస్తారు. కొట్లోకి నడిచి వెళ్లే మనిషి అక్కడ నేనొక్కదాన్నే అయ్యాను. మూడో రోజుకి ఆ మలయాళీ నన్ను చూసి కుర్చీ వెయ్యడం మొదలుపెట్టాడు.

సందు చివర రొట్టెల పొయ్యి ఉంది. వంద ఫిల్సు నాణెం ఇస్తే పళ్లెమంత రొట్టెలు, చెయ్యి కాలేంత వేడిగా, న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తాడు. పొద్దున్నే అక్కడ వరసలో నిలబడేది మగవాళ్లే. ఆడమనిషిని చూడగానే వరస మొత్తం పక్కకు జరిగి నన్ను ముందుకు పంపేసింది. మా ఊరి రేషన్ షాపులో ఇలాంటి మర్యాద జరిగి ఉంటే నా జీవితంలో సగం మోకాళ్ల నొప్పి తగ్గేది.

మరిది ప్రసాదు ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో ఎస్టిమేటర్. మంచివాడు, కానీ ఏ గోడ చూసినా దానికెన్ని ఇటుకలు పట్టాయో చెప్పకుండా ఉండలేడు. ఆయనతో ఊరు చూడ్డమంటే ఊరు మొత్తాన్ని బిల్లు రూపంలో వినడం. నేను వచ్చిన రెండో రోజు వంటగది కిటికీలోంచి చూస్తే, ఎదురు బిల్డింగుల నీళ్ల ట్యాంకుల మధ్య ఆకుపచ్చటి ముక్క ఒకటి కనిపించింది. అదేమిటని అడిగాను. హాజీ తోట అన్నాడు. దాని వెనక సముద్రం అన్నాడు. అక్కడ ఫ్లాట్లు కడితే గజం ఎంత పలుకుతుందో కూడా చెప్పబోయాడు గానీ సుజాత ఇడ్లీ పళ్లెం ముందు పెట్టి ఆ గండం తప్పించింది.

తోట

ఆ సాయంత్రమే తోటకు నడిచి వెళ్లాం. గేటుకు తాళం లేదు. లోపల అడుగుపెట్టగానే రోడ్డు మోత సగం తగ్గిపోయింది, ఎండ సగం తగ్గిపోయింది. ఖర్జూరం చెట్ల కింద నిమ్మచెట్లు, నిమ్మచెట్ల కింద పశువుల మేత. మూడంతస్తుల నీడ. మా కోనసీమలో కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద వేసినట్టే. ఇంత దూరం వచ్చి ఇంటి పెరట్లో నిలబడినట్టయింది నాకు.

తోట యజమాని డెబ్భై దాటిన బహ్రెయినీ. అసలు పేరేదో ఉంది గానీ ఎవరూ పిలవరు, అందరికీ హాజీయే. చిన్నప్పుడు ముత్యాల వ్యాపారం చేసే తండ్రితో బొంబాయిలో కొన్నేళ్లున్నాడు కాబట్టి హిందీ గడగడా మాట్లాడతాడు. నాది పరీక్షలు రాసి నేర్చుకున్న హిందీ, ఆయనది రేవులో నేర్చుకున్న హిందీ. నేను వ్యాకరణం సరిచూసుకుని ఒక వాక్యం తయారుచేసేలోపు ఆయన నాలుగు కబుర్లు చెప్పేసేవాడు.

చిన్న గ్లాసుల్లో టీ ఇచ్చాడు. కిందటేటి ఖర్జూరాలు ఒక గిన్నెలో పెట్టి, గింజలు వెయ్యడానికి ఖాళీ సాసరు విడిగా పెట్టాడు. తిన్నాక నా గింజ తీసి చూపించి, దిట్టంగా ఉంది చూడు బహన్ అన్నాడు. ఇంటికొచ్చిన చుట్టానికి మనం మనవడి ఫొటో చూపిస్తామే, ఆ మాదిరి. గింజలో చూడ్డానికేముందని నేను మర్యాదకు తలూపాను.

తోట మధ్య నుంచి రాతి కాలవ ఒకటి పోతుంది. ఇప్పుడు ఎండిపోయింది. ఒకప్పుడు అధారి దగ్గరి ఊటలోంచి తియ్యటి నీళ్లు ఈ కాలవ వెంబడి తోట తరవాత తోట తడుపుకుంటూ సముద్రంలో కలిసేవట. ఈ దేశంలో నది లేదు. ఇదే వాళ్ల నది. ఎవరి తోటకు ఎంతసేపు నీళ్లన్నది నేలలో పుల్ల పాతి దాని నీడను బట్టి తేల్చుకునేవారట. జింజ్ నుంచి తూబ్లీ దాకా ఒడ్డంతా ఒకటే వనం, పడవలో వచ్చేవాళ్లకు ఊరు కనపడకముందే ఆకుపచ్చ గీత కనపడేదని చెప్పాడు. సముద్రం అడుగున కూడా ఊటలుండేవనీ, మునిగేవాళ్లు తోలుసంచులు తీసుకుని కిందికి దిగి ఉప్పునీళ్ల మధ్య మంచినీళ్లు పట్టుకొచ్చేవారనీ అన్నాడు. నేను నమ్మనట్టు మొహం పెట్టాను. ప్రసాదు నిజమే వదినగారూ అన్నాడు. అప్పుడు నమ్మాను, ఎందుకంటే ప్రసాదుకు కథలు కల్పించడం రాదు.

కాలవ సముద్రంలో కలిసే చోట బురదలోంచి మేకుల్లా వేళ్లు పైకి పొడుచుకొచ్చిన పొదలున్నాయి. అవి మడచెట్లు! మా కోరంగి వైపు చూసినవే, కాకపోతే పొట్టివి. అక్కడ కాసేపు ఊరికే నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దానికి ఎండే కారణమని సుజాతకు చెప్పాను.

తిరిగొచ్చేటప్పుడు హాజీ చివరి వరస చెట్లు చూపించాడు. మిగతావాటికన్నా ఆలస్యంగా కాసే రకం. ఆయన తాత నాటినవీ, వాటి పిలకల్లోంచి వచ్చినవీనట. ఖర్జూరాన్ని గింజతో పెంచితే ఏ రకం వస్తుందో తెలియదు, పిలక తీసి నాటితేనే తల్లి చెట్టు మళ్లీ వస్తుంది. అంటే తాత తిన్న పండే తనూ తింటున్నాడు. వేసవి చివర ఆ వరస పళ్లు కోసి, తోటలో అల్లిన బుట్టల్లో పెట్టి ముగ్గురు తమ్ముళ్ల ఇళ్లకూ పంపుతాడు. ఆ బుట్టలే ఈ తోటను నిలబెడుతున్నాయని ఆయనే చెప్పాడు. తోట నలుగురన్నదమ్ములదీ. చుట్టూ ఫ్లాట్లు లేచాక తమ్ముళ్లు అమ్మేద్దామంటున్నారు. తాత పండు ఇంటికొస్తున్నంతకాలం అమ్మే మాట ఎత్తకూడదని వాళ్ల తల్లి పోయేముందు ఒప్పించుకుందట. ఒక్క వేసవి బుట్ట రాకపోతే ఆ ఒప్పందం అయిపోయినట్టే. ముందు కాసే చెట్ల పని ముగిసింది, ఈ వరస పనే మిగిలింది అన్నాడు. ఏం పనో నేను అడగలేదు.

అధారి

ఆ ఊట చూద్దామని నేనే పట్టుబట్టాను. జింజ్‌కు పక్కనే. అక్కడ చూస్తే చుట్టూ రేకులు కట్టి ఏవో పనులు చేస్తున్నారు. సందులోంచి తొంగి చూస్తే సిమెంటు గట్టు, కొంచెం నీళ్లు. మోటారుతో తోడి పోసినవని ప్రసాదు చెప్పాడు. ఎన్ని గంటలు తోడాలో కూడా చెప్పాడు.

గోడ మీద నల్ల అబాయా వేసుకున్న పెద్దావిడ కూర్చుని వేయించిన సెనగలు తింటోంది. నన్ను చూసి పక్కన చోటు చూపించింది. నాకు అరబ్బీ రాదు, ఆవిడకు హిందీ రాదు. చేతులతో ఈత కొట్టి చూపించి, పిల్లల ఎత్తు చూపించి, రేకుల వైపు వేలు పెట్టింది. చిన్నప్పుడు ఇక్కడే ఈత నేర్చుకుందని అర్థమైంది. నేనూ చేతులతో కాలవ గట్టు మీద నుంచి దూకి చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. లేచేటప్పుడు నా చెప్పు ఒకటి రేకుల అవతల పడిపోయింది. ఆవిడ తన మనవరాలి చెప్పులు తీసి ఇవ్వబోయింది గానీ, అవి నా సగం పాదానికి కూడా రావు. కుడికాలి చెప్పుతోనే కారు దాకా వచ్చాను.

గురువారం కోత

బహ్రెయిన్‌లో మట్టల ఆదివారం శుక్రవారం వస్తుంది. అక్కడ సెలవు శుక్రవారం, ఆదివారం అందరికీ డ్యూటీ ఉంటుంది కాబట్టి మన తెలుగు చర్చి సంఘం ఏసుప్రభువును రెండు రోజులు ముందుగా యెరూషలేములోకి తీసుకొస్తుంది. మట్టల కోసం ఏటా గురువారం సాయంత్రం హాజీ తోటకే వెళతారు. ఆకులు ఎన్ని కావాలంటే అన్ని కోసుకోండి అని హాజీ ఎప్పుడో మాటిచ్చాడు. ఏటా దగ్గరుండి చెట్టు చూపించేవాడు, ఆ గురువారం మాత్రం కంటి పరీక్షకు వెళ్లాడు. ఫోన్‌లో అడిగితే, గేటు తెరిచే ఉంది, తీసుకోండి అన్నాడు.

చెట్టెక్కేది రాజం. నిజామాబాద్ దగ్గర పల్లెలో ఈతచెట్లు గీసిన మనిషి, ఇక్కడ తాపీపని చేస్తూ కూలీల క్యాంపులో ఉంటాడు. దుబాయి వచ్చి ఎనిమిదేండ్లయిందన్నాడు. ఇది బహ్రెయిన్ కదా అంటే, మాకు అంతా దుబాయే అమ్మా అన్నాడు. కత్తి నడుముకు దోపుకుని చెట్టు మొదట్లో నిలబడితే అతని వయసు పదేళ్లు తగ్గింది.

ప్రసాదు ఎంతో జాగ్రత్తపడ్డాడు. ఆ సంగతి ఇక్కడ చెప్పి తీరాలి.

"కాయ కాసే చెట్టు ముట్టుకోకు రాజం, పాపం ముసలాయన కష్టం," అన్నాడు. "అదిగో, కాలవ పక్కది పోతుది. కాయదు కదా, దాని మీద కొయ్యి."

నాకూ సబబే అనిపించింది. మా వైపు పోతుతాడి మీద ఆకు కోస్తే ఎవరూ ఏమీ అనరు. రాజం పైకెళ్లి మట్టలు దింపుతుంటే వాటి మధ్య నుంచి తెల్లటి పూగుత్తులు కొన్ని కనిపించాయి. గోధుమరంగు ఒరలు చీలి, లోపల నుంచి తెల్ల చీపుళ్లలా బయటికొచ్చాయి. స్టేజి అలంకరణ సుజాతది. వాటిని చూడగానే దాని కళ్లు మెరిశాయి. అవి కూడా దింపించండి, ప్రభువు బల్లకు రెండు వైపులా పెడతాను అంది. రెండు వైపులా సమంగా ఉండాలి కాబట్టి ఇంకొన్ని కావాలంది. రాజం విచ్చినవీ, విచ్చబోతున్నవీ అన్నీ దింపాడు. కిందికి దిగి చెట్టు వైపు తృప్తిగా చూశాడు.

"మంచిగ సాపు చేసిన సార్," అన్నాడు. "మా దిక్కు చెట్టెక్కితే మెడ సాపు చెయ్యకుంట దిగం."

నిజంగానే ఆ చెట్టు క్షవరం చేయించుకున్న పెద్దమనిషిలా నున్నగా ఉంది. మేమందరం రాజాన్ని మెచ్చుకున్నాం.

మనామా

ఆరాధన జరిగేది అద్దెకు తీసుకున్న హాల్లో. పొద్దున మనం, మనం ఖాళీ చెయ్యగానే మలయాళీలు, వాళ్ల తరవాత ఫిలిప్పీన్స్ వాళ్లు. గోడ మీద గడియారాన్ని చూస్తూ చేసే ఆరాధన. అయినా వందమంది మట్టలెత్తి హోసన్నా అంటుంటే ఒళ్లు పులకరించింది. మా ఊళ్లో ముందే కోసి వాడిపోయిన ఈతమట్టలు పట్టుకుంటాం, ఇక్కడివి పచ్చగా, మనిషిని మించిన పొడవు. నా పక్కనున్నావిడ మట్ట నా కళ్లజోడును రెండుసార్లు కింద పడేసింది.

తెల్ల గుడ్డ పరిచిన బల్లకు రెండు వైపులా సుజాత పూగుత్తులు. అందరూ వాటినే పొగిడారు. మధ్యలో గాలి వచ్చినప్పుడల్లా వాటిలోంచి సన్నటి పిండి రాలి బల్లగుడ్డ మీద పడింది. ఆరాధన అయ్యాక అడిగినవాళ్లకల్లా సుజాత తలా కాసిని గుత్తులు పంచిపెట్టింది. గుడ్డను ఉతుకుదామని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

మళ్లీ తోట

భోజనం చేసి, ఏటా ఇచ్చే అలవాటు ప్రకారం పులిహోర డబ్బా తీసుకుని తోటకు వెళ్లాం. రాజం కూడా వచ్చాడు. హాజీ కాలవ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కంటికి నల్ల అద్దాలున్నాయి. ఆ పోతుచెట్టు వైపే చూస్తున్నాడు. మేము సలాం చెబితే చెప్పాడు, కూర్చోమన్నాడు, డబ్బా తీసుకున్నాడు. ఆ తరవాతే మాట్లాడాడు.

"ప్రసాద్ భాయ్, నేను ఆకులు తీసుకోమన్నాను. మీరు పెళ్లికొడుకునే తీసుకెళ్లిపోయారు."

అప్పుడు తెలిసింది ఆ పనేమిటో. ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. గాలిని నమ్ముకుంటే ఏవో నాలుగు కాయలు కాస్తాయి. అందుకని మగచెట్టు పూగుత్తిలోంచి రెబ్బలు తీసి, ప్రతి ఆడచెట్టూ ఎక్కి, దాని పూతలో తలకిందులుగా పెట్టి ఆకుతో కట్టాలి. వేల ఏళ్లుగా మనిషి చేత్తో చేస్తున్న పెళ్లి అది. కట్టకపోతే కాయ నిలిచినా గింజ ఉండదు, పీలగా చప్పగా ఉంటుంది, గొర్రెలకు వెయ్యాల్సిందే. ముందు పూసే చెట్లకు పూత సంతలో దొరుకుతుంది, చివరి వరసకు ఈ మగచెట్టు ఒకటే దిక్కు. ఈ చెట్టు ఆలస్యంగా పూస్తుంది, చివరి వరస ఆలస్యంగా పూస్తుంది. రెండూ కలవాలనే తాత దాన్ని అక్కడ నాటాడు. చివరి వరస అప్పుడే విచ్చుతోంది. సంతలో మగపూత అమ్ముతారు కదా అని ప్రసాదు అడిగాడు. పొద్దున్నే వెళ్లొచ్చానన్నాడు హాజీ. రుతువు దాటిపోయింది, ఎండి పుప్పొడి రాలిపోయిన గుత్తులు తప్ప ఏమీ లేవట.

మా ఈతచెట్లకు ఎవరూ పెళ్లి చెయ్యరు, వాటి తిప్పలు అవే పడతాయి. కాయని చెట్టు పనికిరాని చెట్టనే లెక్కలో పెరిగినవాళ్లం. ఎన్ని జాగ్రత్తలు తీసుకోవాలో అన్నీ తీసుకుని సరిగ్గా ఆ ఒక్క చెట్టు మీద పడ్డాం. ప్రసాదు నష్టం ఎంతవుతుందో అంచనా వేసి ఇస్తానన్నాడు. నాకు సిగ్గేసింది. హాజీ అటువైపు చూడను కూడా చూడలేదు.

"ఈసారి బుట్టలు వెళ్లకపోతే," అన్నాడు, "తమ్ముళ్లతో మాట్లాడ్డానికి నా దగ్గరేమీ ఉండదు."

రాజం తల పట్టుకుని కింద కూలబడ్డాడు. నేనే కోసిన, నేనే కోసిన అని గొణుగుతూనే ఉన్నాడు. సుజాత కళ్లు తుడుచుకుని లేచింది. ఆ పూలు పారెయ్యలేదని, ఎవరెవరు తీసుకెళ్లారో తనకు తెలుసని చెప్పింది. ఉపయోగపడతాయా అని హాజీని అడిగాను. పుప్పొడి ఉంటే ఉపయోగపడతాయి, తడిస్తే పడవు అన్నాడు. రేపు పొద్దున్న దాకా చూస్తానన్నాడు. యల్లా, ఇక కదలండి అని మమ్మల్ని తనే పంపించాడు.

జుఫైర్

పర్యాటకులకు ఊరు చూపించే బస్సులుంటాయి. నాకు బహ్రెయిన్‌ను చూపించింది పూలు వెతుక్కుంటూ తిరిగిన ఆ సాయంత్రమే. మొదట జుఫైర్. టవర్లు, హోటళ్లు, పొట్టి క్రాపుల అమెరికా నేవీవాళ్లు. రూతు అనే భీమవరం అమ్మాయి అక్కడ హోటల్లో గదులు సర్దే పని చేస్తుంది, మరో ముగ్గురితో ఒక గదిలో ఉంటుంది. గది చిన్నది, రెండు మంచాల మీద మరో రెండు మంచాలు. తలుపు తీస్తూనే సంబరంగా గోడ వైపు చూపించింది. అక్కడ పూగుత్తి మొత్తం బంగారు రంగులో ధగధగలాడుతోంది. వాడిపోకుండా ఉండాలని స్ప్రే కొట్టిందట.

అంత అందంగా ఉన్నదాన్ని చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. విషయం చెబితే పిల్ల మొహం చిన్నబోయింది. మంచం కింద నుంచి ఇంకో గుత్తి తీసింది, అది ఈస్టరుకని దాచుకుందట. రంగు వెయ్యలేదు. పేపర్లో చుట్టి ఇచ్చేసింది. వద్దంటున్నా టీ పెట్టి, తన వాటా బిస్కట్లు తినిపించి గానీ వదల్లేదు.

దారిలో ఇంకో రెండిళ్లకు వెళ్లాం. ఒకచోట గుత్తిని నీళ్ల బకెట్లో నిలువునా ముంచేశారు. ఇంకోచోట గుమ్మానికి తోరణం కట్టారు, అది పొడిగానే ఉంది. గుమ్మం ముందు రాలిన పిండిని ఆ ఇల్లాలు అప్పటికే శుభ్రంగా తుడిచేసింది. శుభ్రతను తిట్టుకున్నది జీవితంలో ఆ ఒక్క రోజే.

బుసైతీన్

ఎక్కువ గుత్తులు తీసుకెళ్లింది సంఘ పెద్ద శామ్యూల్ గారు. బుసైతీన్‌లో ఉంటారు, ముహర్రక్ వైపు వంతెన దాటాలి. వెళ్లేసరికి పొద్దు వాలుతోంది, విమానాలు నెత్తిమీద నుంచే దిగుతున్నాయి. ఆయన గుత్తులన్నీ గాజు కూజాలో, అదృష్టవశాత్తూ నీళ్లు లేకుండా, బైబిలు పక్కన పెట్టుకున్నారు. సంగతి అంతా విన్నారు. హాజీ గారంటే గౌరవమే, కానీ బల్ల మీద పెట్టినవి ప్రభువుకిచ్చినవి, ఇచ్చినవి తిరిగి తీసుకుని తోటపనికి వాడటం పద్ధతి కాదేమో, పాస్టరు గారినడిగి రేపు చెబుతానన్నారు.

సుజాత ఆయన ముందు ఏనాడూ గొంతెత్తి మాట్లాడలేదట. ఆ రోజూ గొంతెత్తలేదు.

"ఇవ్వడానికి అవి మనవి కావు కదండీ," అంది.

లోపల నుంచి ఆయన భార్య కరుణమ్మ గారు వచ్చి, కూజా ఎత్తి సుజాత చేతిలో పెట్టారు. కూజాతో సహా తీసుకెళ్లమ్మా, కదిలిస్తే రాలిపోతుంది అన్నారు. వెనక్కి వచ్చేటప్పుడు శామ్యూల్ గారే లిఫ్టు దాకా వచ్చి తలుపు పట్టుకున్నారు. కారులో ఆ కూజా నా ఒళ్లో ఉంది. ప్రసాదు దారిపొడవునా గతుకులు తప్పించి, వెనకవాళ్లు హారన్లు కొడుతున్నా వినిపించుకోకుండా నడిపాడు.

ఇంటికొచ్చాక సుజాత సంచి గుర్తొచ్చి పరుగెత్తింది. బల్లగుడ్డ వాషింగ్ మెషిన్ మీద మడత విప్పకుండా ఉంది. సబ్బుపొడి అయిపోయిందని మధ్యాహ్నం ఉతకలేదు. డైనింగ్ టేబుల్ మీద మెల్లగా విప్పి, తినే చెంచాతో గీకితే టీకప్పు అడుగు నిండేంత తెల్లటి పిండి వచ్చింది. ఫ్యాను వెయ్యబోయిన ప్రసాదును ఇద్దరం ఒకేసారి కసిరాం.

చివరి వరస

శనివారం పొద్దున్నే తోటలో ఉన్నాం. హాజీ గుత్తులను ఒక్కొక్కటీ అరచేతిలో దులిపి చూశాడు. కొన్ని పక్కన పడేశాడు, కొన్ని ఉంచుకున్నాడు. టీకప్పును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పచ్చి గోధుమపిండి లాంటి వాసన, నేనూ చూశాను. ఇదెక్కడిదని అడిగాడు. దేవుని బల్ల మీద రాలిందని సుజాత చెప్పింది. అయితే వృథా కాదు అన్నాడు.

సుజాతా నేనూ నేలమీద కూర్చుని రెబ్బలు విడదీసి చిన్న కట్టలు చేశాం. హాజీ కింద నుంచి చెబుతుంటే రాజం ఎక్కాడు. రెబ్బలు అయిపోయాక కప్పులో పిండిని దూదితో అద్దమన్నాడు. రాజం ఆ రోజు ఏ చెట్టునూ సాపు చెయ్యలేదు, ఒక్క ఎండాకు కూడా ముట్టుకోలేదు. ప్రతి చెట్టూ దిగాక హాజీ మొహం వైపు చూసేవాడు. మధ్యలో ఒకసారి హాజీ అతని చేతికి నీళ్ల గ్లాసిచ్చాడు. రాజం గ్లాసు పట్టుకుని, తాగకుండా చాలాసేపు నిలబడ్డాడు.

చివర్లో రెండు చెట్లు మిగిలిపోయాయి. కప్పు ఖాళీ అయింది. హాజీ కప్పును బోర్లించి వేలితో తట్టి, ఖలాస్ అన్నాడు. ఫలిస్తుందా అని అడిగాను. వేసవిలో తెలుస్తుంది అన్నాడు. నేను ఆ వారమే బయల్దేరాల్సి ఉంది. అంతకు ముందెప్పుడూ ఒక ఊరు వదిలి వచ్చేటప్పుడు నాకు అంత బెంగ కలగలేదు. అది నా తోట కాదు, హాజీ వాళ్లు నా బంధువులూ కారు.

అమలాపురం

మా వైపు వేసవి పోయి వానలు మొదలయ్యాయి. ఫోన్ చేసినప్పుడల్లా తోట సంగతి అడిగేదాన్ని. గెలలు కనిపిస్తున్నాయంది సుజాత. పచ్చగానే ఉన్నాయి, కిందనుంచి తెలియడం లేదంది. అక్కడ కూడా వేసవి ముగిశాక, ప్రసాదు ఆఫీసులో పనిచేసే రావులపాలెం అతను సెలవు మీద వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చిచ్చాడు. లోపల ఖర్జూరాలు, పైన ఖర్జూరపాకుతో అల్లిన మూత. చివరి వరసవి, అన్ని చెట్లవీ కలిపి పంపమని హాజీ ప్రత్యేకంగా చెప్పాడట.

పెట్టె వరండాలో పెట్టుకుని కూర్చున్నాను. మొదటిది నోట్లో వేసుకున్నాను. చప్పగా ఉంది, గింజ లేదు. రెండోదీ అంతే. సుజాతకు ఫోన్ చేద్దామని లేచి, మళ్లీ కూర్చుని మూడోది కొరికాను. టక్కుమని పంటికి గింజ తగిలింది. పన్ను జివ్వుమంది. తియ్యదనం ఆ తరవాత తెలిసింది. ఆ గింజను అరచేతిలో వేసుకుని, హాజీ చూపించినట్టు వెలుతురుకు ఎత్తి చూశాను. దిట్టంగా ఉంది.

సాయంత్రం సుజాత ఫోన్ చేసి మిగతాది చెప్పింది. బుట్టలు మూడిళ్లకూ వెళ్లాయి, కాకపోతే కిందటేటికన్నా చిన్నవి. ఎందుకు తగ్గాయని ఆఖరి తమ్ముడు అడిగితే, ఈ ఏడు ఒక పండక్కి కూడా పంచాల్సి వచ్చిందని హాజీ అన్నాడట. అమ్మే మాట ఈ ఏడాదికి ఎవరూ ఎత్తలేదు.

పక్కింటి సత్యవతి గారు గోడ మీద నుంచి చూసి, ఏంటండీ ఖర్జూరాలు తినేసి గింజలు వరసగా పేర్చుకుంటున్నారు, దిష్టి తియ్యడానికా అంది. గింజలున్నాయండీ అన్నాను. ఖర్జూరాలకు గింజలుండవా అని వింతగా చూసింది. అన్నిటికీ ఉండవండీ అని చెప్పి, గింజ ఉన్నవాటిలోంచి ఒకటి ఏరి ఆవిడ చేతిలో పెట్టాను.